వాగ్దాన కార్డు మీద అచ్చు వెయ్యని వచనాలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యేసరికి పన్నెండు దాటిపోతుంది. ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఎక్కడ చూసినా తెలుగు క్రైస్తవ సంఘాల్లో వరస ఒకటే. కొత్త సంవత్సరపు ప్రార్థన ముగిశాక పళ్లెంలో బోర్లా పేర్చిన వాగ్దాన కార్డులు వస్తాయి, ఒక్కోదాని మీద ఆ ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం. చలికి శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్లు, నిద్రకళ్ల పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి ఒక్కొక్కటి తీసుకుంటారు. యిర్మీయా 29:11 వచ్చినవాళ్ల మొహం వెలుగుతుంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఇల్లు చేరేసరికి అది ఫోన్‌లో స్టేటస్ అయిపోతుంది, ఉదయానికి అద్దం అంచున దూరుతుంది, ఉగాది నాటికి దాని మీద పౌడరు మరకలు.

కార్డులు తీసెయ్యమని నేననను. తెలుగు చదవడం సరిగా రాని గుంటలు కూడా ఏడాదికి ఒక వచనమైనా కూడబలుక్కుని చదివేది దాని పుణ్యమే. ఇబ్బంది ఏమిటంటే ఆ కార్డు మీద 11వ వచనమే ఉంటుంది, దానికి ముందున్న 10వ వచనం ఉండదు. 10వ వచనం చెప్పేది బబులోనులో 70 సంవత్సరాలు పూర్తి కావాలని.

అది ఉత్తరం. క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి రాజునీ, పెద్దల్నీ, వడ్రంగుల్నీ, కంసాలుల్నీ బబులోనుకి పట్టుకుపోయాక, వెనక మిగిలిన యిర్మీయా వాళ్లకి రాసి, ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేత పంపాడు. ఆ రోజుల్లోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని గుడిలో నిలబడి చెప్పాడు (28:3). జనానికి రెండేళ్ల మాటే రుచించింది. రెండేళ్లయితే మూటలు విప్పకుండా కూర్చోవచ్చు. డెబ్భై ఏళ్లంటే ఈ మాట వింటున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రారు. అందుకే ఉత్తరంలో మొదటి ఆజ్ఞలు ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యమని, ఉన్న ఊరి క్షేమం కోసం ప్రార్థించమని (29:5-7). వాటి తర్వాతే 11 వస్తుంది. ఆ వెనక 13: "పూర్ణమనస్సుతో నన్నుగూర్చి విచారణ చేయునెడల మీరు నన్ను కనుగొందురు."

దేవుణ్ణి వెదకమన్న మాట గుడి ఉన్నవాళ్లకి చెప్పింది కాదన్నమాట. గుడికి వందల మైళ్ల దూరంలో, పరాయి భాష వినపడే వీధిలో, ఇటుకలు మోసుకుంటూ విత్తనాలు వేసుకుంటూ ఉన్నవాళ్లకి చెప్పింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడే మన సరిహద్దు కుటుంబాలకి ఈ అధ్యాయం అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. (మనల్ని ఎవరూ చెరపట్టి తేలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మనవాళ్లు ఉన్నచోటే ఉన్నారు, గీత వచ్చి మధ్యలో పడింది.)

కాబట్టి కార్డు వచ్చిన వారంలో చెయ్యాల్సిన పని ఒకటుంది. బైబిలు తీసి ఆ వచనమున్న అధ్యాయం మొత్తం ఒకసారి పైకి చదవండి. ఎవరు ఎవరితో అన్నారు, ఏ కష్టంలో అన్నారు, వెంటనే జరుగుతుందన్నారా ఆలస్యంగానా, నన్ను ఏమైనా చెయ్యమన్నారా అని చూసుకుని, ఆ నాలుగు జవాబులూ కార్డు వెనకవైపు పెన్నుతో రాయండి. పావుగంట పని. దీనివల్ల జరిగే మేలు జూలైలో తెలుస్తుంది. కార్డులో ఉన్నట్టు ఏమీ జరగనప్పుడు "దేవుడు మాట తప్పాడు" అనే దిగులూ, "నా విశ్వాసమే తక్కువ" అనే నిందా రెండూ సగానికి సగం తగ్గుతాయి. ఆ రెండిటికీ మూలం ఎక్కువసార్లు మనం చదవని పక్క వచనమే.

రోజుకి ఎంత

జనవరి 1న ఉత్సాహం ఎక్కువగా ఉంటుంది, ఆదికాండం 1తో మొదలుపెడతారు. లెక్క చూడండి. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకి 3 చొప్పున చదివితే ఏడాదికి 1,095, ఇంకా 94 మిగిలిపోతాయి. అందుకే పాత తరం వాళ్లు మామూలు రోజుల్లో 3, ఆదివారం 5 అని పెట్టుకునేవారు, దాంతో సరిపోతుంది. కానీ అసలు గండం ముందే ఉంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపి 90. రోజుకి మూడైతే సరిగ్గా జనవరి 30కి అవుతాయి. 31న లేవీయకాండం మొదటి మూడు అధ్యాయాలు: దహనబలి, నైవేద్యం, సమాధానబలి. క్రొవ్వు, మూత్రగ్రంథులు, కాలేజం మీది వప. అక్కడ ఎంతమంది ఆగిపోయారో సంఘంలో అడిగి చూడండి, ఎవరూ చెప్పరు, అందరూ నవ్వుతారు.

మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు సువార్తలతో మొదలుపెట్టడం మేలు. మత్తయి 28, మార్కు 16, లూకా 24, యోహాను 21: మొత్తం 89 అధ్యాయాలు. రోజుకి ఒకటే. జనవరి 1న మొదలైతే లీపు సంవత్సరం కాకపోతే మార్చి 30కి పూర్తి, ఇంచుమించు శ్రమల దినాల దరిదాపుల్లో. తెలుగు చదువు నెమ్మదిగా సాగేవాళ్లు మార్కుతో మొదలుపెట్టాలి. అన్నిటికన్నా చిన్నది, కథ ఆగకుండా నడుస్తుంది. ఒక అధ్యాయం పైకి చదవడానికి 5 నుంచి 8 నిమిషాలు. 14వ అధ్యాయం ఒక్కటి 72 వచనాలు, దాన్ని రెండు రోజులకి పంచుకోవాలి.

మొత్తం సమయం 15 నిమిషాలు చాలు. మొదటి 2 నిమిషాలు ఏమీ అనకుండా కూర్చోవడం. తర్వాత చదవడం. చదివినదాంట్లో ఆగిపోయిన ఒక్క మాట నోట్‌బుక్కులో రాసుకోవడం. మిగిలిన 5 నిమిషాలు ప్రార్థన, ఆ మాటతోనే మొదలుపెట్టి. మార్కు 4లో తుపాను మధ్య యేసు తలగడ మీద నిద్రపోతున్నాడని చదివితే ప్రార్థన "ప్రభువా, నువ్వు నిద్రపోతున్నట్టే ఉంది నాకు" అని మొదలవ్వచ్చు. తప్పు లేదు. శిష్యులు అంతకన్నా గట్టిగానే అన్నారు.

ఎందుకింత తక్కువ అని పెద్దలు కొందరు గొణుగుతారు. నిర్గమకాండం 16 చూపించండి. అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం మన్నా తలకి ఒక ఓమెరు, మన లెక్కలో ఇంచుమించు 2 లీటర్లు, ఏ రోజుది ఆ రోజు. ఎక్కువ కూర్చుకుని దాచినవాళ్లకి తెల్లారేసరికి పురుగులు, కంపు. ఆదివారం మూడు గంటలు ప్రార్థించి సోమవారం నుంచి శనివారం దాకా దాన్నే తిందామనుకుంటే అదే జరుగుతుంది. ఒక్క ఆరో రోజున మాత్రం రెండింతలు దొరికింది, అదీ చెడిపోలేదు, మర్నాడు విశ్రాంతి దినం కాబట్టి. అంటే కొలత పెట్టినవాడికి మన అలసట కూడా లెక్కలో ఉంది.

మిల్లులో షిఫ్టులు చేసేవాళ్లకి "వేకువనే లేవాలి" అన్న బోధ గుండెల మీద బండ. రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఇంటికొచ్చినవాడు నిద్ర ఆపుకుని మోకాళ్లూనితే మంచానికి తల ఆనించి నిద్రపోతాడు, ఆ పైన నేరభావన ఒకటి. వేకువజామునే లేవాలనే ఆజ్ఞ బైబిల్లో ఎక్కడా లేదు. యేసు వేకువన లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది, రాత్రంతా ప్రార్థించాడని లూకా 6:12లో ఉంది. షిఫ్టు మారే వారం సమయం కూడా మారుతుంది. గడియారానికి కాకుండా ఒక పనికి ముడిపెట్టుకోండి: స్నానం అయ్యాక, టీ తాగకముందు. పనికి కట్టినది షిఫ్టు మారినా తెగదు.

చోటు గురించి. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్న మాట (మత్తయి 6:6) రెండు గదుల లైను ఇంట్లో ఆరుగురున్నవాళ్లకి ఎగతాళిలా వినపడుతుంది. అక్కడ వాడిన గ్రీకు మాటకి సరుకులు దాచే గది అని అర్థం. పడకగది కాదు, పూజగది కాదు. లూకా 12:24లో కాకులకి గరిసె లేదు, కొట్టు లేదు అని చెప్పేచోట వచ్చేదీ ఆ మాటే. గలిలయ పేద ఇంట్లో తలుపున్న గది అదొక్కటే అయ్యుంటుంది, దొంగల భయానికి. కాబట్టి బియ్యం బస్తాల పక్కన, మడతపెట్టిన బొంతల దొంతర వెనక చాప వేసుకుంటే అది వాక్యానికి దగ్గరగానే ఉన్నట్టు. అది కూడా కుదరని ఇంట్లో తల మీద కొంగు లాక్కున్న అమ్మని ఆ పావుగంట ఎవరూ పిలవకూడదన్న ఒప్పందం చేసుకుంటే, ఆ కొంగే గది.

ఫోన్‌లో బైబిలు చదివేవాళ్లకి ఒకటే జాగ్రత్త. తెరిచే ముందు ఫ్లైట్ మోడ్ వెయ్యండి. రెండో వచనం దగ్గర వాట్సాప్ మోగితే, వచ్చింది "గుడ్ మార్నింగ్, ప్రభువు మిమ్మును దీవించును గాక" అన్న గులాబీ బొమ్మే అయినా, చదువు అక్కడితో అయిపోయినట్టే.

యెహోవా, సదాప్రభు

మన ఇళ్లలో కుటుంబ ప్రార్థన ఎందుకు నడవడం లేదో చాలామంది కాపరులు ఆత్మీయ కారణాలు చెబుతారు. సగం కారణం లిపి. నానమ్మకి తెలుగు బైబిలే వచ్చు, మనవడికి ఒడియా, ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. ఆమె "యెహోవా నా కాపరి" అని మొదలుపెడితే బడిలో స్నేహితుడితో ఒడియా ప్రార్థనకి వెళ్లొచ్చిన వాడికి ఆ పేరే కొత్త. ఒడియా బైబిల్లో అక్కడ "సదాప్రభు" అని ఉంటుంది. కీర్తనల గ్రంథాన్ని "గీతసంహిత" అంటారు. ఇద్దరు దేవుళ్లేమో అని పిల్లాడు పైకి అడగడు, లోపల అనుకుంటాడు. ఒకరోజు ఈ రెండు పేర్లూ పక్కపక్కన రాసి చూపించాలి. హెబ్రీ పేరుని తెలుగు అనువాదకులు పలికినట్టే ఉంచారని, ఒడియావాళ్లు "ఎల్లప్పుడూ ఉండే ప్రభువు" అనే అర్థం పట్టుకున్నారని చెబితే వాడికి ఒక పేరు పోయి రెండు పేర్లు వస్తాయి.

నడిచే పద్ధతి ఇదీ. అన్నం తిన్నాక కాదు, తినకముందే, ఎందుకంటే తిన్నాక పిల్లలు నిద్రపోతారు, పెద్దవాళ్లు టీవీ దగ్గరికి పోతారు. ఒక పాట, రెండు చరణాలు చాలు. అధ్యాయం వద్దు, 4 నుంచి 6 వచనాలు. పిల్లాడు ఒడియాలో చదవాలి, పెద్దవాళ్లు అవే వచనాలు తెలుగులో చదవాలి. వచనాల అంకెలు రెండిటిలోనూ ఒకటే కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు. తర్వాత ఒక్కరే ప్రార్థన చెయ్యాలి, రోజుకొకరు వంతున, వాళ్లకి ఏడుపు ఏ భాషలో వస్తుందో ఆ భాషలో. మొత్తం 12 నిమిషాలు దాటకూడదు. దాటితే మర్నాడు జనం తగ్గుతారు.

పాడయ్యే తీరు కూడా తెలిసి ఉండాలి. నాన్న కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ గుంటడికి లెక్కల్లో బుద్ధినియ్యి, పెద్దలకి ఎదురు చెప్పే ఈ పిల్లని మార్చు" అంటాడు. అది దేవుడితో మాట్లాడటం కాదు, దేవుణ్ణి అడ్డంపెట్టుకుని తిట్టడం. పిల్లలు వెంటనే కనిపెడతారు. వాళ్లకి తండ్రి అనే మాట మీద, పరలోకపు తండ్రితో సహా, చిన్న చేదు పేరుకుంటుంది. కీర్తన 103:13-14లో తండ్రి జాలిపడటానికి కారణం రాసుంది: మనం మంటివాళ్లమని ఆయనకి జ్ఞాపకం. లెక్కల్లో మార్కులు తక్కువొచ్చిన రాత్రి ఆ రెండు వచనాలు చదివి, వాడి పేరు ఎత్తకుండా ప్రార్థన ముగించిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి.

ఇక్కడ ఒక పక్కమాట. తెలుగులో మనం పాస్టరు గారిని మీరు అంటాం, దేవుణ్ణి నీవు అంటాం. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది అమర్యాదగా తోస్తుంది. అమ్మని ఎలా పిలుస్తామో గుర్తుచేస్తే సర్దుకుంటారు.

బేరం

నమ్మకం దగ్గర మనవాళ్లు ఎక్కువగా జారేది బేరంలో. "ఉద్యోగం వస్తే కృతజ్ఞత కూడిక పెడతాను", "ఆపరేషన్ బాగా జరిగితే కుర్చీలు కొనిస్తాను". మొక్కు పేరు మారింది, లెక్క మారలేదు. కృతజ్ఞత కూడిక మంచిదే, అరిసెలతో సహా. వచ్చాక పెట్టండి. రాకముందు షరతుగా పెట్టినప్పుడు మనసులో ఏం జరుగుతుందంటే, దేవుడికి ఏదో కావాలి, అది నా దగ్గరుంది, ఇస్తే ఆయన కదులుతాడు అని మన నోటితో మనమే మనకి నేర్పుకుంటాం. ఆ తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా "దేవుడు ప్రేమాస్వరూపి" అన్న మాట లోపలికి దిగదు. ఇచ్చేవాడు అమ్మేవాడిగా మారిపోయాడు కదా. న్యాయాధిపతులు 11లో, యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ఎదురొచ్చేదాన్ని బలిస్తానని యెఫ్తా మొక్కుకున్న మొక్కు ఎవరూ అడిగింది కాదు. దేవుడు అప్పటికే అతనికి తోడుగా ఉన్నాడని ముందు వచనమే చెబుతోంది (11:29). అవసరంలేని బేరానికి కూతురు బలైంది.

లూకా 15 ఇందుకు విరుగుడు. నూరు గొర్రెల్లో ఒకటి, పది నాణేల్లో ఒకటి తప్పిపోతాయి. మూడో కథలో కొడుకు. గొర్రె కాపరిని వెదకలేదు, నాణెం ఇల్లాలిని వెదకలేదు. కొడుకు మాత్రం దారిలో బేరం వల్లించుకుంటూ వచ్చాడు, "నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అని. ఇంటి దగ్గర ఆ చివరి ముక్క చెప్పకముందే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు (15:19ని 21తో పోల్చి చూడండి, ఆ వాక్యం సగంలో ఆగిపోయింది). మనం వెదకడం అనే పని దేవుడి వెదుకులాటకి జవాబు మాత్రమే. ఆదికాండం 3:9లో బైబిల్లో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న "నీవు ఎక్కడ ఉన్నావు" అని. ప్రార్థన చప్పగా ఉన్న రోజున ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే ప్రార్థన. "వంటింట్లో ఉన్నాను. విసుగ్గా ఉన్నాను. వడ్డీ కట్టాలి." అంతే చాలు.

బేరానికి రెండో ముఖం శిక్ష లెక్క. ఎవరికైనా జబ్బు చేస్తే పరామర్శకొచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని "దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకో" అంటారు. యేసు దీన్ని రెండుసార్లు నేరుగా కొట్టేశాడు. పుట్టుగుడ్డివాడి దగ్గర "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు (యోహాను 9:3). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా అపరాధులు కారన్నాడు (లూకా 13:4-5). యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంతసేపూ మంచి పనే చేశారు, నోరు తెరిచాకే చెడిపోయింది. పరామర్శకి వెళ్లేవాళ్లు పది నిమిషాలు కూర్చుని, ఒక చిన్న కీర్తన చదివి, రోగి వెంట ఉన్నవాళ్లకి ఒక పూట అన్నం పట్టుకెళితే అంతకన్నా వాక్యం అక్కర్లేదు.

మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల కొండవాలుల్లో మలేరియా ఎప్పట్నుంచో ఉన్నదే. వణుకుతో జ్వరం వస్తే 24 గంటల్లోపు రక్తపరీక్ష చేయించాలి, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది. ప్రార్థన చేస్తూనే వెళ్లొచ్చు. మెదడుకి ఎక్కే రకం మలేరియా ఉపవాస కూడిక అయ్యేదాకా ఆగదు. క్షయకి మామూలు కోర్సు కనీసం 6 నెలలు. రెండో నెలలో దగ్గు తగ్గగానే "స్వస్థత పొందాను" అని సాక్ష్యం చెప్పి మాత్రలు మానేస్తే, తిరగబెట్టినప్పుడు ఆ మందులు పనిచెయ్యకపోవచ్చు. జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్లు చూశానని దేవుడు చెప్పిన అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5-7). లూకాని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు (కొలొస్సయులకు 4:14). మాత్ర మింగడం అపనమ్మకం అని చెప్పేవాళ్లు ఈ రెండు చోట్లకీ జవాబు చెప్పాలి.

శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్లలో సుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా పూట మానకూడదు. సుగర్ పడిపోయి చెమటలు పట్టి తూలితే అది ఆత్మ తాకిడి కాదు, వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు భోజనం కాకుండా ఇంకేదైనా మానుకోవచ్చు, ఫోన్ అందుకు బాగా పనికొస్తుంది. మిగిలినవాళ్లు కూడా మే నెలలో నీళ్లు మానొద్దు. సాయంత్రం విరమించేటప్పుడు ముందు చోడి అంబలి గాని గంజి గాని, గంట ఆగి అన్నం. ఆ పూట మిగిలిన బియ్యం డబ్బాలోకి తిరిగి పోయకూడదు, యెషయా 58:7 ప్రకారం అది ఆకలిగొన్నవాడిది. గ్లాసుతో కొలిచి పక్కన పెడితే నెలకి నాలుగు గ్లాసులవుతాయి.

అడిగింది రానప్పుడు

నమ్మడమంటే బాధ లేనట్టు నటించడం అనుకుంటారు. "ఎలా ఉన్నారమ్మా" అంటే "ప్రభువు కృపలో బాగున్నాం" అని ఆసుపత్రి మెట్ల మీద కూడా అంటారు. కీర్తనకారులకి ఈ మర్యాద లేదు. 13వ కీర్తన ఆరే వచనాలు, కానీ పనిముట్టు లాంటిది. 1, 2 వచనాలు ఫిర్యాదు: ఎంతవరకు, ఎంతవరకు అని. 3, 4 అడగడం. 5, 6 నమ్మకం. నోట్‌బుక్కులో ఈ వరసలోనే మీ ఆరు వాక్యాలు రాయండి. ఫిర్యాదు పేరు పెట్టి రాయాలి, "కష్టాల్లో ఉన్నాను" అని కాదు, "మూడో సంబంధం కూడా తప్పిపోయింది" అని. అడిగేది కూడా అంతే సూటిగా. 5, 6 రాయలేకపోతే ఖాళీగా వదిలెయ్యండి, అబద్ధం రాయొద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగిసింది, అయినా దాన్ని గ్రంథంలో ఉంచారు.

ఈ నోట్‌బుక్కు నెమ్మదిగా పద్దు పుస్తకంగా మారే ప్రమాదం ఉంది. ఎన్ని అడిగాను, ఎన్ని వచ్చాయి అని. దానికి నేను చూసిన మందు ఒకటే: అడక్కుండా వచ్చినవి కూడా వెనక పేజీ నుంచి రాసుకుంటూ రావడం. వాన పడకముందే ధాన్యం ఇంటికి చేరింది. పక్కింటి ఒడియా అమ్మ మార్గశిర గురువారం పూట పిఠాలు (వాళ్ల పిండివంటలు) పంపింది. రెండు వైపుల రాతలూ ఎక్కడో మధ్యలో కలుసుకుంటాయి.

రోమా 8:35లో పౌలు పెట్టిన జాబితాలో శ్రమ, కరవు, వస్త్రహీనత, ఖడ్గం ఉన్నాయి. అవి రావని అనలేదు, వచ్చినా క్రీస్తు ప్రేమ నుంచి విడదీయలేవన్నాడు. ఒడిశాలో ఈ వచనానికి ఒక తేదీ ఉంది. 1999 జనవరి 22 అర్ధరాత్రి కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగుల సేవ చేసే ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ బండిలో నిద్రపోతుండగా నిప్పుపెట్టి తగలబెట్టేశారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించానని బహిరంగంగా చెప్పి, బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె మాట తరచూ తప్పుగా వాడతారు, ఇంట్లో కొట్టే భర్తని భరించమని చెప్పడానికి కూడా. ఆమె క్షమించారు, కేసు మాత్రం కోర్టులో నడిచింది, శిక్షలు పడ్డాయి. క్షమించడం పగ వదలడం. ఫిర్యాదు ఇవ్వడం, తలుపు గడియ వేసుకోవడం, పుట్టింటికి వెళ్లడం దానికి అడ్డు కావు.

ఊరి కోసం ప్రార్థన (యిర్మీయా 29:7) మన కూడికల్లో అన్నిటికన్నా చివర, గబగబా వచ్చేది. "మా పట్టణాన్ని దీవించు" అనేసి ఆమేన్. పేర్లు పెడితే అది మారుతుంది. మంగళవారం ఆసుపత్రి రాత్రి డ్యూటీ నర్సులు. బుధవారం కట్టెల మోపులతో, చీపుర్లతో సంతకి దిగే కొండవాళ్లు, వాళ్లకి దక్కే ధర. గురువారం ఆ పిఠాల ఇల్లు, వాళ్ల అబ్బాయి పరీక్ష. వారం రోజులు ఒకరి పేరు ఎత్తి ప్రార్థించాక సంతలో వాళ్లతో బేరమాడటం కష్టమవుతుంది. వచనం ఆశించింది అదే కావచ్చు.

ఇక తప్పిపోయిన రోజులు. పెళ్లికని శ్రీకాకుళం వెళ్తారు, కోతలు వస్తాయి, పిల్లకి జ్వరం వస్తుంది, తొమ్మిది రోజులు చాప పరవరు. పదో రోజు తొమ్మిది అధ్యాయాల బాకీ ఒకేసారి తీర్చాలని కూర్చుంటే పదకొండో రోజు కూర్చోరు. బాకీ కొట్టెయ్యండి. ఎక్కడ ఆగారో ఆ అధ్యాయమే ఆ రోజు, ఒక్కటే. నోట్‌బుక్కులో ఆ తొమ్మిది రోజులకి గీతలు పెట్టక్కర్లేదు, తారీకు వేసి కింద లైనులో మొదలుపెట్టండి. ఫ్లైట్ మోడ్ మర్చిపోకండి.